చెరువు ఒడ్డున విడిది

పాఠ్యాంశ పరిచయం

కొత్త ప్రదేశానికి వెళ్ళి రెండు రాత్రులు గడిపి రావడం చూడటానికి చిన్న పనిగానే కనిపిస్తుంది. కాని ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ బస చేయాలి, ఏవి వెంట తీసుకొనిపోవాలి, ఏ పని చేయరాదు అనే ప్రశ్నలకు ముందుగా సమాధానాలు వెతుక్కోని యాత్ర తరచుగా అలసటతోను, ఒక్కొక్కసారి ఆపదతోను ముగుస్తుంది. కాకతీయుల కాలంనాటి లక్నవరం చెరువును ఉదాహరణగా తీసికొని, నీటి ఒడ్డున బసకు ఏ విధంగా సన్నద్ధం కావాలో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో, అడవికొండల నడుమ విస్తరించిన ఒక జలరాశిని పర్యాటకుల కోసం నాటిన ఫలకాలు 'లక్నవరం సరస్సు' అని పేర్కొంటాయి. ఆ నీటితో వరి పండించుకొనే చుట్టుపక్కల ఊళ్ళవారు మాత్రం దానిని 'చెరువు' అనే అంటారు. ఈ రెండు మాటలకు నిఘంటువులో పెద్ద భేదం కనిపించకపోవచ్చు. విడిదికి వెళ్ళదలచినవారు మొదట గ్రహించవలసిన విషయం మాత్రం ఆ భేదంలోనే ఉన్నది. సరస్సు ప్రకృతి ఇచ్చినది; అందులోని నీరు వానను, ఎండను బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. చెరువు మనిషి కట్టినది. దానికి కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, మత్తడి ఉంటుంది. అన్నింటికంటె ముఖ్యంగా, దాని నీటికోసం ఎదురుచూసే ఆయకట్టు ఉంటుంది. కనుక చెరువు ఒడ్డున బస చేసేవాడు ఒకరి ఇంటికి వచ్చిన అతిథి వంటివాడు. ఇంటివారి వేళలు తెలుసుకొని మెలగవలసి ఉంటుంది.

ఓరుగల్లును రాజధానిగా చేసుకొని పాలించిన కాకతీయుల రాజ్యంలో పెద్ద నదులు అంచులలోనే ఉన్నవి. గోదావరి ఉత్తరాన, కృష్ణ దక్షిణాన లోతుగా ప్రవహిస్తుండగా, వాటి నడుమనున్న ఎగుడుదిగుడు నేలకు వాననీరే దిక్కయింది. ఆ నీటిని పారిపోనీయక నిలపడానికి నాటి రాజులు, సేనానులు, మంత్రులు చెరువులు త్రవ్వించారు. క్రీ.శ. 1199 నుంచి 1262 వరకు పాలించిన గణపతిదేవుని కాలంలో ఈ పని ఉచ్చస్థితికి చేరింది. పాకాల, రామప్ప, లక్నవరం, ఘనపురం చెరువులు ఆ యుగపు కీర్తిని నేటికీ నిలుపుతున్నాయి. పాకాల చెరువును గణపతిదేవుని మంత్రి కుమారుడైన జగదాల ముమ్మడి కట్టించాడు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో దేవాలయాన్ని ప్రతిష్ఠించాడు. అదే నేటి రామప్ప గుడి. ఆ గుడిని 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

లక్నవరం నిర్మాణంలో ఒక తెలివి దాగి ఉన్నది. మైదానంలో చెరువు కట్టాలంటే మైళ్ళకొలది మట్టి ఎత్తిపోయాలి. ఇక్కడ ఆ శ్రమ అవసరం లేకపోయింది. కొండల నడుమ నీరు జారిపోయే ఇరుకైన మూడు లోయలను గుర్తించి, వాటికి మాత్రమే పొట్టి కట్టలు వేశారు. మిగిలిన గట్టంతా కొండలే. ఒక పెద్ద పళ్ళెం అంచుకు మూడుచోట్ల పగుళ్ళుంటే వాటిని మాత్రం అతికినట్లుగా ఉంటుంది ఈ ఏర్పాటు. లోపల మునిగిన గుట్టల శిఖరాలు నీటిపైకి తేలి దీవులైనాయి. చిన్నవీ పెద్దవీ కలిపి అవి పదమూడని చెబుతారు. నేడు యాత్రికులు వేలాడే వంతెన మీదుగా నడచి వెళ్ళి బస చేసే దీవి కూడ అట్టి గుట్టలలో ఒకటే. చెరువు నిండినప్పుడు రెండు టి.ఎం.సి.లకు పైగా నీరు నిలుస్తుంది. ఒక టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. ఆ నీటిపై ఆధారపడిన ఆయకట్టు ఎనిమిది వేల ఎకరాలకు మించి ఉన్నది.

ఇంత నీటికి ఒక పంచాంగం ఉన్నది. జూన్‌లో తొలకరి పడిననాటి నుంచి వాగులు చెరువును నింపడం ఆరంభిస్తాయి. మంచి వానలు కురిసిన ఏడు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో చెరువు నిండి, మిగిలిన నీరు మత్తడి దూకుతుంది. వానకాలపు పంట ముగిసిన పిమ్మట, సాధారణంగా డిసెంబరు ప్రాంతంలో, ఆయకట్టు రైతులు, నీటిపారుదల అధికారులు, రెవెన్యూ అధికారులు ఒకచోట సమావేశమవుతారు. చెరువులో ఎన్ని అడుగుల నీరున్నదో చూస్తారు. ఆ నీటితో యాసంగిలో ఎన్ని ఎకరాలు పండించవచ్చునో లెక్కకడతారు. ఏ కాలువకు ఎంత, ఏ తేదీ నుంచి అన్నది నిర్ణయిస్తారు. దీనినే 'తైబందీ' అంటారు. నీరు చాలని ఏడు ఆయకట్టులో కొంత భాగానికి మాత్రమే నీరిచ్చి, మిగిలినవారికి మరుసటి ఏడు వంతు ఇవ్వడమూ కద్దు. నిర్ణయించిన తేదీకి తూములు ఎత్తుతారు. అక్కడినుంచి చెరువు దినదినమూ క్షీణిస్తుంది. ఏప్రిల్ చివరికి ఒడ్డున పగిలిన ఒండ్రు, మోడులు, రాళ్ళు బయటపడతాయి.

ఉన్నదెంతో ముందు కొలిచి, తరువాత పంచుకోవడమే తైబందీ పద్ధతి. యాత్రకు బయలుదేరేవారికి ఇంతకంటె మంచి నమూనా దొరకదు. చేతిలో ఉన్న రోజులెన్ని, డబ్బెంత, వెళ్ళేవారెందరు, వారిలో ఈత వచ్చినవారెందరు, మందులు వాడేవారెందరు అన్నది కొలవకుండానే గదులు మాట్లాడుకొనే బృందాలే ఎక్కువ.

కాలనిర్ణయం విషయంలో కళాశాలలు ఒక పొరపాటు చేస్తుంటాయి. అవి తమ సెలవుల పట్టికను చూస్తాయే కాని చెరువు పంచాంగాన్ని చూడవు. పరీక్షలు ముగిసిన వేసవిలో బయలుదేరినవారికి తగ్గిన నీరు, వాడిన అడవి, వడగాలి ఎదురవుతాయి. జూలై, ఆగస్టులలో వెళ్ళినవారికి పచ్చదనం కన్నులపండువగా ఉంటుంది గాని, వాగులు ఎప్పుడు దారి మూసివేస్తాయో చెప్పలేము. దసరా సెలవులకు, సంక్రాంతి సెలవులకు నడుమనున్న కాలమే అన్ని విధాల అనుకూలం. చెరువు నిండుగా ఉంటుంది. పగలు ఎండ వేధించదు. చలికాలపు వలసపక్షులు వచ్చి చేరుతుంటాయి. ఈ కాలంలోనూ రెండు సంగతులు గమనించాలి. కార్తికమాసపు ఆదివారాలలో వనభోజనాలకు వచ్చేవారితో ఒడ్డంతా నిండిపోతుంది. వారం మధ్యలో వెళ్ళగలిగితే గది సులభంగా దొరుకుతుంది, పక్షుల కూతా వినిపిస్తుంది. ఇక రెండేండ్లకొకసారి మాఘమాసంలో తాడ్వాయి మండలంలోని మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. 2024లో అది ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. జాతర ఏట ఆ నెల రోజులూ దారి పొడవునా జనమే. జాతర చూడాలనుకొనేవారి సంగతి వేరు. చెరువును చూడాలనుకొనేవారు మాత్రం మరొక నెల ఎంచుకోవడం మేలు.

తేదీ కుదిరిన తరువాత బస. లక్నవరంలో దీవిపై రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ కుటీరాలున్నాయి. 2024 నవంబరులో మరొక దీవిపై కొత్త కుటీరాలు ప్రారంభమైనాయి. అడవిలో ఉండదలచినవారికి తాడ్వాయిలో కుటీరాలున్నాయి. ఏదీ కుదరనివారు హనుమకొండలో బస చేసి, వేకువనే బయలుదేరి పగలంతా చెరువు వద్ద గడిపి రావచ్చు. ఆ ఊరినుంచి లక్నవరం సుమారు డెబ్బై అయిదు కిలోమీటర్లు. ఖర్చు తగ్గించుకోవాలనుకొనే బృందానికి ఈ మూడవ మార్గమే ఉత్తమం. అయితే చీకటి పడుతుండగా నీటిరంగు మారడాన్ని, తెల్లవారుజామున మంచు పొరలు దీవుల నడుమ కదలడాన్ని అది ఇవ్వలేదు.

గది ముందుగా నిర్ణయించుకొనేటప్పుడు అద్దె ఒక్కటే అడిగి ఊరకుండరాదు. గదికి ఎందరిని అనుమతిస్తారు? ఏ గంటకు ప్రవేశం, ఏ గంటకు ఖాళీ చేయాలి? విద్యుత్తు పోతే ఏర్పాటేమిటి? రాత్రి భోజనానికి ఎన్ని గంటలలోగా చెప్పాలి? గాలివాన వల్ల పడవ నడవకపోతే, ప్రయాణమే మానుకోవలసి వస్తే, చెల్లించిన డబ్బులో ఎంత తిరిగి వస్తుంది? ఈ చివరి ప్రశ్నను మొగమాటంతో చాలామంది వదిలివేస్తారు. సమాధానాలు కాగితంపై ఉండేటట్లు చూసుకోవాలి. ఫోనులో చెప్పిన మాటకు, చేరిన తరువాత బల్లవద్ద చెప్పే మాటకు తేడా వచ్చినప్పుడు ఆ కాగితమే సాక్షి.

గుడారాల బస మరింత ఆలోచన కోరుతుంది. చదునైన నేల ఎక్కడ కనబడితే అక్కడ గుడారం వేయడం తగదు. ఆ నేల ఎవరిదో తెలియాలి. చెరువు చుట్టునున్నది అటవీభూమి. అనుమతి లేకుండ రాత్రి ఉండటానికి వీలులేదు. పాకాల, ఏటూరునాగారం అడవులు వన్యప్రాణి అభయారణ్యాలు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోనికి ప్రవేశించడానికి అనుమతి కావాలి. అక్కడ నిప్పు పెట్టడం నేరం. చెరువుకట్ట ఎత్తుగా, గాలి తగిలేటట్లుగా ఉంటుంది కనుక గుడారానికి అనువైనదిగా తోస్తుంది. నిజానికి అది ఎంతమాత్రం తగిన చోటు కాదు. కట్టకు పేర్చిన రాళ్ళ సందులలో పాములు చేరతాయి. మేకులు దిగగొట్టడం, గుంటలు తీయడం కట్టకు హాని. నీరు తగ్గినప్పుడు బయటపడే శిఖం నేల మెత్తగా పరుపులా ఉన్నా, ఎగువ కొండలలో వాన పడితే ఆ నీరు చేరేది అక్కడికే. ఎండిన కొమ్మలున్న చెట్ల కిందను కూడ వదిలివేయాలి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం నడుమ అడవిలో వీచిన పెనుగాలికి కొద్ది గంటలలో వేల సంఖ్యలో చెట్లు నేలకూలాయి. పర్యాటకుల కోసం నిర్దేశించిన స్థలంలో, కాపలా ఉన్నచోట, నీటి అంచుకు తగినంత దూరంలో, కొంచెం వాలుగానున్న నేలపై వేసిన గుడారమే సుఖనిద్రను ఇస్తుంది.

వంట సంగతి కూడ ఇక్కడే చెప్పుకోవాలి. మూడు రాళ్ళ పొయ్యి పెట్టి అన్నం వండుకోవడం వనభోజనంలో ఆనందమే. కాని శీతకాలం ముగిసేసరికి ఈ అడవి నేలంతా టేకు, మద్ది, తునికి ఆకులు రాలి దళసరి తివాసీలా పరచుకొంటాయి. ఒక నిప్పురవ్వ చాలు. అడవి కాలితే నష్టపోయేది చెట్లు, మృగాలు మాత్రమే కాదు; వేసవిలో తునికాకు కోసి, ఇప్పపూలు ఏరి నాలుగు డబ్బులు కళ్ళజూసే కోయకుటుంబాలు కూడ. విడిదివారు వండినది తినడమో, అనుమతించిన చోట గ్యాసుపొయ్యి వాడటమో చేయాలి.

ముప్పయిమంది విద్యార్థులు, ముగ్గురు అధ్యాపకులు రెండు రాత్రుల యాత్రకు సిద్ధమవుతున్నారనుకొందాం. వారి లెక్క రెండు భాగాలుగా ఉంటుంది. బస్సు అద్దె వంటివి ఎందరు వచ్చినా మారవు. గది, భోజనం, పడవ టికెట్టు వంటివి మనిషికింత చొప్పున పెరుగుతాయి. చివరినిమిషంలో అయిదుగురు మానుకొంటే మొదటి రకపు ఖర్చు మిగిలినవారిపై పడుతుంది. అందుచేత పేర్లు ఇచ్చిననాడే కొంత రుసుము వసూలు చేయడం, మొత్తంపై పదోవంతు నిలువగా ఉంచడం అవసరం. త్రాగునీరు మనిషికి రోజుకు నాలుగు లీటర్లనుకొన్నా ముప్పయిముగ్గురికి నూటముప్పయిరెండు లీటర్లు, అంటే ఇరవై లీటర్ల డబ్బాలు ఏడు. ఈ చిన్న గుణకారం చేయని బృందం రెండవనాటి మధ్యాహ్నానికి సీసాల నీరు కొనుక్కొంటూ, ఆ సీసాలను ఒడ్డున పారవేస్తూ కనిపిస్తుంది.

దారి కష్టమైనది కాదు. హనుమకొండ నుంచి 163వ నంబరు జాతీయ రహదారిపై ములుగు చేరుకోవాలి. ఉదయం ఏడింటికి బయలుదేరితే మొదట పాలంపేట వెళ్ళి రామప్ప గుడిని, ఆ సమీపంలోని చెరువును చూడవచ్చు. ఒకే తరం వారు గుడినీ చెరువునూ కలిపి ఎందుకు కట్టారన్న ప్రశ్న అక్కడ నిలబడినప్పుడు తనంతట తానే పుడుతుంది. మధ్యాహ్న భోజనం ములుగులో ముగించుకొని, గోవిందరావుపేట వైపు సాగి, ప్రధాన రహదారిని విడిచి కుడివైపు లోనికి వెళ్ళాలి. సాయంత్రం నాలుగింటికి విడిది చేరడం మంచిది. చీకటిలో కొత్త చోటికి చేరిన బృందానికి నీరు ఎక్కడ మొదలవుతుందో కూడ తెలియదు. లోపలికి పోయినకొద్దీ ఫోను సంకేతాలు పలచబడతాయి. కనుక ఇంటివారికి ములుగు నుంచే సమాచారమందించాలి.

మూటలో ఉండవలసినవి కొన్ని తప్పనిసరి: టార్చిలైటు, అదనపు బ్యాటరీలు, దోమతెర, పాదాలను కప్పే బూట్లు, డిసెంబరైతే దుప్పటి, ప్రథమచికిత్స పెట్టె. పాము కాటువేస్తే గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం చేయరాదు. కాటుపడిన అవయవాన్ని కదలనీయక వీలైనంత త్వరగా ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. అత్యవసరంలో పిలువవలసిన 108, 112 నంబర్లు అందరికీ తెలిసినవే. విడిది ఉన్న ఊరి పేరు, మండలం పేరు తడుముకోకుండ చెప్పగలిగినవాడే వాటిని ఉపయోగించుకోగలడు.

నీటి విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకని కొందరికి అనిపించవచ్చు. 2014 జూన్ 8న హైదరాబాదుకు చెందిన ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు విహారయాత్రలో భాగంగా హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఆగారు. నీరు తక్కువగా ఉండటంతో రాళ్ళపైకి దిగి ఛాయాచిత్రాలు తీసుకొంటున్నారు. ఎగువనున్న లార్జీ జలాశయం నుంచి విడుదలైన నీరు క్షణాలలో వారిని చుట్టుముట్టింది. ఇరవైనలుగురు విద్యార్థులు కొట్టుకొనిపోయారు. వారు చూసిన నది ప్రశాంతంగానే ఉన్నది. ఆ నది నీరు మరొకచోట, మరొకరి చేతిలోని తలుపుల వెనుక ఉన్నదన్న సంగతి వారికి తెలియదు, తెలియజేసినవారూ లేకపోయారు. కట్టిన నీరు ఏదైనా ఇంతే. లక్నవరం వంటి చెరువులో తూము ఎత్తినప్పుడు ఉపరితలం కదలకుండ ఉన్నట్లే ఉండి, అడుగున నీరు బలంగా లాగుతుంది. తూము దరిదాపుల ఈతకు దిగడం ప్రాణాంతకం. మత్తడి దూకే చోట నాచుపట్టిన రాయి కూడ అంతే. మిగిలిన చోట్ల పైకి మోకాలిలోతుగా కనిపించే నీటికింద పూడిక, మునిగిన మోడులు ఉంటాయి. చెరువులో ఈతకు దిగకపోవడమే నియమంగా పెట్టుకోవాలి. పడవ ఎక్కిన ప్రతివారూ, ఈత వచ్చినవారితో సహా, రక్షణకవచం ధరించాలి. దానిని ఒడిలో పెట్టుకొని కూర్చోవడం ధరించడం కాదు.

వానలను గురించి చెప్పడానికి ఈ జిల్లా అనుభవమే చాలు. 2023 జూలై 26న ములుగు జిల్లాలోనే ముత్యాలధార జలపాతాన్ని చూడవచ్చిన సుమారు ఎనభైమంది, తిరుగుదారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకొనిపోయారు. జాతీయ విపత్తు స్పందన దళం రాత్రివేళ వెళ్ళి వారిని దాటించవలసి వచ్చింది. మరునాటి ఉదయానికి ముగిసిన ఇరవైనాలుగు గంటలలో, రామప్ప గుడి ఉన్న వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో సుమారు అరవై అయిదు సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ ప్రాంతంలో ఏడాది పొడవునా పడే వానలో అది దాదాపు సగం. అదే వరదలో జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామంలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. వానకాలంలో వాతావరణశాఖ హెచ్చరిక వెలువడిన తరువాత కూడ 'గదికి డబ్బు కట్టాము కదా' అని బయలుదేరడం అవివేకం. ఆ డబ్బు పోయినట్లే భావించి ఇంటివద్ద ఉండటం నష్టం కాదు.

విడిదికి వచ్చినవారికి, చెరువుపై బ్రతికేవారికి నడుమ ఒక సున్నితమైన విషయం ఉన్నది. దానిని దాచి ప్రయోజనం లేదు. పడవ తేలాలంటే నీరు నిలవాలి. నారు నిలవాలంటే నీరు కదలాలి. మార్చి, ఏప్రిల్ నెలలలో చెరువు తగ్గిపోయి అందం చెడినదని యాత్రికులు చింతిస్తారు. ఆ తగ్గిన నీరు ఎక్కడికి పోయిందో తెలుసుకోవాలంటే కట్టకు ఆవలి వైపు నడచి చూడాలి. గింజపట్టిన వరిచేలు కనిపిస్తాయి. వేలాడే వంతెనకు ఏడువందల ఏండ్లకు మునుపే ఈ చెరువు పుట్టింది ఆ చేలకోసం. రెండింటిలో ఒకదానిని ఎంచుకోవలసి వస్తే మొదటి హక్కు నారుదే. పర్యాటకం వల్ల స్థానికులకు ఉపాధి కలుగుతున్న మాట నిజమే. పడవ నడిపేవారు, వంటవారు, దుకాణదారులు అందుకు సాక్ష్యం. ఆ ఉపాధి కూడ చెరువు బాగున్నంతకాలమే.

చెరువులో జాలరులు వలలు వేస్తారు. వాటిపైనుంచి పడవను పోనీయమని నావికుని బలవంతపెట్టడం, సరదాకు వల ఎత్తి చూడటం తగవు. ఒకనాటి కూలి పోయేది వారికి. సబ్బుతో స్నానాలు, పాత్రలు తోమడం చెరువులో చేయరాదు. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి వరకు ధ్వనివర్ధకాలను ఉపయోగించడం 2000నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నిషిద్ధం. నీటిపై ధ్వని ఎంత దూరం పోతుందో అవతలి ఒడ్డున నిలబడినవారికే తెలుస్తుంది. కోయగూడేలకు వెళితే ముందుగా పెద్దలను పలకరించాలి. అడగకుండ ఛాయాచిత్రాలు తీయడం, ఇంటి వాకిళ్ళలోనికి తొంగిచూడటం మర్యాద కాదు.

రెండవనాడు పనుల పట్టికను కుక్కి నింపనవసరం లేదు. ఉదయం ఒక గంట పడవ, ఒక గంట కట్టపై నడక, సాయంత్రం ఊరక కూర్చోవడం చాలు. నీటికాకి రెక్కలు చాచి మోడుపై ఎండబెట్టుకోవడాన్ని, లకుముకిపిట్ట బాణంలా దూకి చేపతో లేవడాన్ని చూడటానికి ఓపిక తప్ప వేరే పరికరం అక్కరలేదు. చీకటి పడిన తరువాత దీపాలన్నీ ఆర్పివేస్తే, పట్టణంలో పుట్టిపెరిగిన విద్యార్థులలో చాలామంది అన్ని నక్షత్రాలను చూడటం అదే మొదటిసారి కావచ్చు. ఆ సమయాన ఎవరి ఫోనులోనో పాట మ్రోగితే దానిని కట్టించే బాధ్యతను ముందుగానే ఒకరికి అప్పగించడం మంచిది!

మూడవనాటి ఉదయం బయలుదేరేముందు పని ఒకటి మిగులుతుంది. ముప్పయిముగ్గురిని పేరుపేరునా లెక్కపెట్టుకోవాలి. తెచ్చిన సంచులలో చెత్తనంతా కట్టి బస్సులో వేసుకోవాలి. నీటి డబ్బాలు ఏడూ ఉన్నవో లేదో చూసుకోవాలి. ఆ వేళకు నీరటి తూము దగ్గరికి వస్తాడు. కొలబద్దపై అడుగుల గుర్తు చూసి, తలుపును కొంచెం ఎత్తుతాడు. కట్టకింద కాలువలో నీరు తెల్లగా చిమ్మి, మలుపు తిరిగి, చేలవైపు సాగిపోతుంది.

కఠినపదాలు – అర్థాలు

విడిది : బస చేసే చోటు
మత్తడి : చెరువు నిండినప్పుడు మిగులునీరు పొర్లిపోయే కట్టడం, అలుగు
తూము : చెరువునీటిని కాలువకు వదిలే మార్గం
ఆయకట్టు : ఒక చెరువు కింద సాగయ్యే భూమి
తైబందీ : యాసంగిలో నీరివ్వవలసిన భూమిని ముందుగా నిర్ణయించడం
శిఖం : చెరువు నిండినప్పుడు మునిగే నేల
ఒండ్రు : నీటితో కొట్టుకొనివచ్చి పేరుకొన్న మెత్తని మట్టి
నీరటి : చెరువునీటిని వంతులవారీగా వదిలే గ్రామసేవకుడు

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. చెరువు పంచాంగాన్ని వివరించి, అది యాత్రకు తగిన కాలాన్ని ఏ విధంగా నిర్ణయిస్తుందో తెలపండి.
2. 'పడవ తేలాలంటే నీరు నిలవాలి. నారు నిలవాలంటే నీరు కదలాలి' – ఈ వాక్యంలోని సమస్యను చర్చించండి. పాఠంలోని అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా?

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు అయిదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. లక్నవరం నిర్మాణంలోని తెలివి ఏమిటి?
2. చెరువుకట్టపై గుడారం ఎందుకు వేయరాదు?
3. బియాస్ నది దుర్ఘటన నుంచి చెరువు ఒడ్డున బస చేసేవారు గ్రహించవలసినది ఏమిటి?

ఇ) మీ ఊరికి సమీపంలోని ఒక చెరువుకు వెళ్ళి, దాని కట్ట, తూము, మత్తడి, ఆయకట్టులను గురించి అక్కడి రైతులను అడిగి తెలుసుకొని, ఇరవైమంది విద్యార్థుల ఒకరోజు యాత్రకు ప్రణాళిక సిద్ధం చేయండి.